తిరిగే ఉక్కు లోపల: దొర్లుడు అలసటలో బేరింగు ఉక్కు ఎలా మారుతుంది

అందరికీ నమస్కారం. ఈ సభలో మెటలర్జీ విద్యార్థులు ఉన్నారు, కర్మాగారాల్లో యంత్రాల నిర్వహణ చూసేవారూ ఉన్నారు. ఇరువర్గాలకూ పరిచయమైన వస్తువుతో మొదలుపెడతాను. 6309 బాల్ బేరింగు. లోపలి రంధ్రం 45 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 100, వెడల్పు 25. మోటార్లలో, పంపుల్లో మీరు రోజూ చూసేదే. పరిశోధకులకు కూడా ఇది బాగా అచ్చివచ్చిన బేరింగు. ఈ రోజు నేను చెప్పే సంగతుల్లో చాలా భాగం ఇలాంటి బేరింగుల లోపలి రేసును, అంటే బంతులు దొర్లే లోపలి వలయాన్ని, కోసి, మెరుగుపెట్టి, మైక్రోస్కోపు కింద చూసినవారి వల్లనే మనకు తెలిశాయి.

ఉక్కును కొలిమిలో కాచి, నూనెలో ముంచి, తక్కువ వేడిలో మళ్లీ కాచి (అదే టెంపరింగ్), గ్రైండింగ్ పూర్తిచేసి పెట్టెలో పెట్టాక, దాని సూక్ష్మనిర్మాణం ఇక మారదని అనుకుంటాం. పాఠ్యపుస్తకాలు కూడా హీట్ ట్రీట్‌మెంట్ అధ్యాయాన్ని అక్కడితో ముగిస్తాయి. కానీ మనం చల్లార్చి పట్టుకున్న ఆ నిర్మాణం సహజంగా నిలకడైనది కాదు. బంతి దాని మీదుగా దొర్లిన ప్రతిసారీ అది కొద్దికొద్దిగా మారుతుంది. పైన అద్దంలా మెరిసే రేసు కింద, అర మిల్లీమీటరు లోతులోపు, మనం ఇచ్చిన ఉక్కు పోయి మరో ఉక్కు తయారవుతూ ఉంటుంది. పదే పదే దొర్లడం వల్ల ఉక్కు ఇలా అలసిపోవడమే దొర్లుడు అలసట. ఈ రోజు నా మాటంతా దాని గురించే.

మొదట ఉక్కు సంగతి. అమెరికాలో 52100 అంటారు, ఐరోపాలో 100సీఆర్6, జపానులో ఎస్‌యూజే2. మన వర్క్‌షాపుల్లో ఈఎన్31 అంటేనే ఎక్కువమందికి తెలుస్తుంది. పేర్లు నాలుగైనా కూర్పు దాదాపు ఒకటే: 1 శాతం కార్బన్, 1.5 శాతం క్రోమియం. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల నుంచి బేరింగు పరిశ్రమ ఈ కూర్పు మీదే నడుస్తోంది. ఇంత పాత ఉక్కు ఇంత కాలం నిలిచిన సందర్భాలు ఇంజినీరింగులో తక్కువ.

దీన్ని 840, 860 డిగ్రీల మధ్య కాచి నూనెలో చల్లారుస్తారు. తర్వాత 160, 180 డిగ్రీల దగ్గర టెంపరింగ్ చేస్తారు. అప్పుడు మనకు దక్కేది మూడు పదార్థాల కలగలుపు. ఎక్కువ భాగం టెంపర్డ్ మార్టెన్‌సైట్, అంటే వేగంగా చల్లార్చినప్పుడు ఏర్పడే గట్టి స్ఫటిక రూపం. అందులో కరగకుండా మిగిలిన గుండ్రటి కార్బైడ్ రేణువులు, అంటే లోహం కార్బన్‌తో కలిసి ఏర్పడిన గట్టి రేణువులు, కొద్ది శాతం ఉంటాయి. వీటికి తోడు మార్టెన్‌సైట్‌గా మారకుండా మిగిలిపోయిన ఆస్టెనైట్ (ఉక్కు బాగా వేడిగా ఉన్నప్పటి స్ఫటిక రూపం), సాధారణంగా ఆరు నుంచి పదిహేను శాతం దాకా. కాఠిన్యం రాక్‌వెల్ సీ కొలతలో 60 నుంచి 64. ఈ మూడింటిలో మార్టెన్‌సైట్‌నూ, మిగిలిన ఆస్టెనైట్‌నూ గుర్తుపెట్టుకోండి. మార్టెన్‌సైట్ తనలో పట్టనంత కార్బన్‌ను బలవంతంగా ఇరికించుకుని కూర్చుంది. ఆస్టెనైట్ గది ఉష్ణోగ్రత దగ్గర ఉండవలసినది కాదు, అయినా ఉంది. అవకాశం దొరికితే రెండూ మారిపోతాయి. బేరింగు తిరగడం ఆ అవకాశాన్ని ఇస్తుంది.

ఎలా ఇస్తుందో తెలియాలంటే 1880ల దాకా వెళ్లాలి. హైన్‌రిక్ హెర్ట్జ్ అనగానే మనకు రేడియో తరంగాలు గుర్తుకొస్తాయి. వాటికంటే ముందే, బెర్లిన్‌లో హెల్మ్‌హోల్ట్జ్ దగ్గర సహాయకుడిగా ఉన్నప్పుడు, ఒకదానికొకటి నొక్కుకున్న గాజు కటకాల మధ్య ఏర్పడే కాంతి వలయాల గురించి ఆలోచిస్తూ, రెండు వంపు తలాలు తాకినచోట ఒత్తిడి ఎలా పరుచుకుంటుందో లెక్కగట్టాడు. అప్పటికి అతని వయసు 23 ఏళ్లు. ఈనాటికీ బేరింగు డిజైన్ చేసే ప్రతి ఇంజినీరూ మొదట వేసేది ఆ లెక్కే.

బంతి రేసును తాకే చోటు చాలా చిన్నది. అందుకే మామూలు బరువులకే అక్కడ ఒత్తిడి ఒకటి నుంచి మూడు గిగాపాస్కల్‌ల దాకా పోతుంది. ఒక గిగాపాస్కల్ అంటే చదరపు మిల్లీమీటరు మీద సుమారు 100 కిలోల బరువు. ప్రయోగశాలల్లో ఫలితం త్వరగా రావడానికి మూడున్నర గిగాపాస్కల్‌ల పైన కూడా నడుపుతారు. ఇంత ఒత్తిడికి ఉక్కు ఎందుకు పగిలిపోదు? అన్ని వైపుల నుంచీ నొక్కుడే కాబట్టి. నొక్కుడు పగుళ్లను తెరవనివ్వదు. ప్రమాదం షియర్ ఒత్తిడితో వస్తుంది, అంటే ఒక పొరను పక్క పొర మీద జారేటట్లు నెట్టే ఒత్తిడితో. అది ఉపరితలం మీద గరిష్ఠం కాదు, కొంచెం లోతులో గరిష్ఠం. పైగా బంతి దగ్గరకు వచ్చేటప్పుడు ఒక దిక్కుకు, దాటిపోయాక ఎదురు దిక్కుకు నెడుతుంది. చపాతీ కర్ర కింద పిండి ముందుకూ వెనక్కూ కదలడం చూసి ఉంటారు. రేసు లోపలి పొర కూడా అలాగే ఇటూ అటూ ఊగుతుంది. తేడా అంతా పరిమాణంలో, సంఖ్యలో. ఇక్కడ ఒక్కో ఊపు మిల్లీ సెకనులో కొద్ది భాగంలోనే అయిపోతుంది. నిమిషానికి 1500 తిరుగుళ్లు తిరిగే మోటారులో రోజుకు 21 లక్షల 60 వేల తిరుగుళ్లు. పది కోట్ల తిరుగుళ్లకు 46 రోజులు చాలు. ఒక్కో తిరుగుడులో ఒకటికి మించిన బంతులు ఆ చోటు మీదుగా వెళతాయని కూడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఆ పొరలో ఏం జరుగుతుందో చూద్దాం. నెదర్లాండ్స్‌లో ఎస్‌కేఎఫ్ అనే బేరింగు కంపెనీ పరిశోధన కేంద్రంలో పనిచేసిన వోస్కాంప్ 1985లో దీన్ని మూడు దశలుగా చూపించాడు. తొలి దశలో ఉక్కు బరువుకు సర్దుకుంటుంది. అక్కడక్కడా సూక్ష్మంగా శాశ్వత వంపు వస్తుంది, మిగిలిన ఆస్టెనైట్‌లో కొంత మార్టెన్‌సైట్‌గా మారుతుంది. ఆ మార్పులో ఘనపరిమాణం పెరుగుతుంది. పెరగడానికి చోటు లేదు కాబట్టి ఆ పొరలో నొక్కుడు ఒత్తిడి నిలిచిపోతుంది. ఇది మనకు మేలు చేసేదే. పగులు పుట్టడాన్ని ఇది ఆలస్యం చేస్తుంది. రెండో దశ నిలకడది. మంచి బేరింగు జీవితంలో పెద్ద భాగం ఇదే. మూడో దశలో నిర్మాణం వేగంగా చెదురుతుంది, స్ఫటికాలు ఒక దిక్కుకు వరుస కడతాయి, నిలిచిన ఒత్తిళ్ల పొందిక మారిపోతుంది, ఉపరితలానికి సమాంతరంగా పగులు పాకడానికి దారి సులువవుతుంది.

ఆస్టెనైట్ మారడం వల్ల వలయం కొలత కూడా పెరుగుతుందని నిర్వహణ విభాగంవారు గమనించాలి. వేడి చోట్ల వాడే బేరింగు సంఖ్య చివర ఎస్1 అని ఉంటే, దాన్ని 200 డిగ్రీల దాకా కొలత మారకుండా ముందే ఎక్కువ వేడిలో స్థిరపరిచారని అర్థం. ఆ గుర్తు లేని బేరింగును ఆ చోట పెడితే లోపలి రేసు షాఫ్టు మీద వదులవుతుంది. స్టోర్సులో ఆ రెండు అక్షరాలను పట్టించుకోని చోట్లు ఇంకా ఉన్నాయి, అది నన్ను బాధపెట్టే విషయం.

మళ్లీ మార్టెన్‌సైట్ దగ్గరకు వద్దాం. నడిచిన రేసును తిరిగే దిక్కు వెంట కోసి, మెరుగుపెట్టి, నైటాల్ అనే పలుచని నైట్రిక్ ఆమ్ల ద్రావణం పూస్తే, కొన్ని లక్షల నుంచి కోటి తిరుగుళ్లు దాటిన నమూనాలో ఉపరితలం కింద ఒక నల్లటి మచ్చ కనబడుతుంది. దీన్ని డార్క్ ఎచింగ్ రీజియన్ అంటారు, పొట్టిగా డీఈఆర్. ఉపరితలానికి తగలకుండా, షియర్ ఒత్తిడి గరిష్ఠంగా ఉన్న లోతులో ఉంటుంది. ఇలాంటి మార్పులను 1940ల నుంచే గమనిస్తూ వచ్చారు. 1976లో స్వాన్, బెకర్, వింగ్స్‌బో అనే ముగ్గురు దీన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పరిశీలించి, ఇది మార్టెన్‌సైట్ క్షయం అని తేల్చిచెప్పారు. ఇరుక్కున్న కార్బన్ తన చోటు వదిలి కదులుతోంది, మార్టెన్‌సైట్ ఫెర్రైట్‌గా, అంటే కార్బన్ దాదాపు ఇమడని ఇనుప స్ఫటికంగా, విడిపోతోంది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. టెంపరింగ్ చేసినప్పుడు కార్బన్‌ను కదిలించడానికి మనకు 160 డిగ్రీలు కావలసి వచ్చింది. బేరింగు 50, 60 డిగ్రీల దగ్గర నడుస్తోంది. అయినా కార్బన్ కదిలింది. ఎవరు కదిలించారు? డిస్‌లొకేషన్లు. స్ఫటికంలో పరమాణువుల వరుస తప్పిన గీతలివి. ప్రతి ఊపుకూ ఇవి ముందుకూ వెనక్కూ జరుగుతాయి, కార్బన్ పరమాణువులు వీటికి అతుక్కుంటాయి. ఒక్క ఊపులో జరిగేది కొలవలేనంత తక్కువ. కోట్ల ఊపుల్లో కార్బన్ ఊళ్లకు ఊళ్లే వలసపోయినంత పనవుతుంది. ఉష్ణోగ్రత పెరిగితే ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది. బేరింగు వేడెక్కితే గ్రీజు పాడవుతుందని మాత్రమే మనం భయపడతాం. లోపల ఉక్కు క్షయం కూడా వేగం అందుకుంటుంది.

ఇంకా నడపనిస్తే, పది కోట్ల తిరుగుళ్ల ప్రాంతంలో, ఆ నల్లటి మండలంలోనే తెల్లటి సన్న పట్టీలు మొదలవుతాయి. దొర్లే దిక్కుకు దాదాపు 30 డిగ్రీల వాలులో, ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా ఉంటాయి. మరికొంత కాలానికి వాటిని కోసుకుంటూ దాదాపు 80 డిగ్రీల వాలులో ఇంకా మందమైన పట్టీలు వస్తాయి. నేను చెప్పిన తిరుగుళ్ల లెక్కలు గట్టి బరువుతో నడిపిన ప్రయోగాలవి. బరువు, వేడి మారితే ఈ లెక్కలు చాలా మారతాయి. ఈ పట్టీల లోపల ఉన్నది కార్బన్ దాదాపు ఖాళీ అయిన ఫెర్రైట్. పోయిన కార్బన్ పట్టీల అంచున పలుచని పలకల్లాంటి కార్బైడ్‌లుగా కూడుతుంది. మనం గుండ్రటి రేణువులుగా చెదరగొట్టి పెట్టిన కార్బైడ్‌లు మాయమై, పలకలు వచ్చాయన్నమాట. బేరింగును ఎదురు దిక్కుకు నడిపితే పట్టీలు కూడా ఎదురు వాలుకే వస్తాయి. కోసిన ముక్కలో వాలు చూసి, యంత్రం ఎటు తిరిగిందో చెప్పగలగడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

ఈ రెండు కోణాలే ఎందుకు? 45 డిగ్రీలు ఎందుకు కాదు? గట్టి వాదాలు చాలానే ఉన్నాయి, అందరూ ఒప్పుకున్న సమాధానం లేదు. మెటలర్జీ విద్యార్థుల్లో ఎవరైనా పరిశోధనకు విషయం వెతుకుతుంటే, ఇది ఖాళీగా ఉన్న కుర్చీ.

ఇంతవరకూ చెప్పింది శుభ్రమైన ఉక్కు సంగతి. ఉక్కులో మలినాలు ఉంటాయి. కరిగిన ఉక్కులోని ఆక్సిజన్ అల్యూమినియంతో కలిసి అల్యూమినా రేణువులవుతుంది. అవి గట్టివి, ఉక్కుతో కలిసి వంగవు. అలాంటి రేణువు అధిక ఒత్తిడి ఉన్న లోతులో పడితే, దానికి రెండు పక్కలా 45 డిగ్రీల వాలులో తెల్లటి రెక్కలు మొలుస్తాయి. మైక్రోస్కోపులో అచ్చంగా సీతాకోకచిలుక. పేరు కూడా అదే పెట్టారు. రెక్కల అంచునే పగులు ఉంటుంది.

చాలామంది తికమకపడే చోటు ఇది. పట్టీలూ తెలుపే, రెక్కలూ తెలుపే. రెండింటిలోనూ ఫెర్రైటే. కానీ పట్టీలు చుట్టూ ఉన్న ఉక్కుకంటే మెత్తన, రెక్కలు చుట్టూ ఉన్న ఉక్కుకంటే గట్టివి. రెక్కల్లో స్ఫటికాలు పదుల నానోమీటర్లకు నలిగిపోయి ఉంటాయి, కార్బన్ వాటిలోనే ఉండిపోతుంది. రంగు చూసి తీర్పు చెప్పకండి. అతి చిన్న చోటి కాఠిన్యం చూపే మైక్రో హార్డ్‌నెస్ యంత్రం మీద గుచ్చి కొలవండి. ముందు పగులు వచ్చి, దాని ముఖాలు ఒకదాన్నొకటి రుద్దుకోవడం వల్ల రెక్క పుట్టిందా, ముందు రెక్క పుట్టి దాని అంచు చిట్లిందా అన్నది దశాబ్దాల వాదం. మొదటి వాదానికి నా మొగ్గు.

ఈ తెల్లటి పదార్థమే గాలిమరల గేర్‌బాక్సుల్లో పెద్ద తలనొప్పి అయింది. ఇరవై ఏళ్లు నడవాలని డిజైన్ చేసిన బేరింగులు కొన్ని రెండేళ్లలోపే చిట్లాయి. కోసి చూస్తే, కొమ్మలు కొమ్మలుగా లోపల అల్లుకున్న పగుళ్లు, వాటి అంచుల వెంట తెల్లటి పొర. వైట్ ఎచింగ్ క్రాక్స్ అని పేరు. కందెన నూనె విడిపోయి ఉక్కులోకి చేరిన హైడ్రోజన్, జనరేటరు నుంచి దారితప్పి బేరింగు గుండా పారే విద్యుత్తు, గాలి మారినప్పుడు రోలర్లు దొర్లకుండా జారడం, నూనెలో కలిపే రసాయనాలు... కారణాల జాబితాలో ఇవన్నీ ఉన్నాయి. ప్రయోగశాలలో ఉక్కులోకి హైడ్రోజన్ ఎక్కించి నడిపితే ఇలాంటి పగుళ్లు చాలా త్వరగా వస్తాయి. అలాగని ప్రతి గాలిమరలోనూ హైడ్రోజనే దోషి అని రుజువు కాలేదు. రేసుకు బ్లాక్ ఆక్సైడ్ పూత వేయడం, పై పొరలో ఎక్కువ ఆస్టెనైట్ ఉండేలా కార్బన్ ఎక్కించిన ఉక్కు వాడడం వంటి జాగ్రత్తలు తీసుకుంటున్నారు. మన రాయలసీమలో రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు వెలిశాయి. ఇప్పుడు వాటి సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. విడదీసిన గేర్‌బాక్సు బేరింగులను ఇనుప తుక్కుకు అమ్మేముందు కోసి చూసే ప్రయోగశాల మన దగ్గర్లోనే ఉండాలన్నది నా గట్టి కోరిక.

ఇక బేరింగు ఎంతకాలం నిలుస్తుందో అంచనా వేయడానికి మీలో చాలామంది రోజూ వాడే ఎల్10 లెక్క. వైబుల్ 1939లో ఇచ్చిన గణాంక పద్ధతి ఆధారంగా, స్వీడన్‌లో లుండ్‌బెర్గ్, పామ్‌గ్రెన్ 1947లో ఈ సూత్రం కట్టారు. బేరింగు సామర్థ్యాన్ని దాని మీది బరువుతో భాగించి, బాల్ బేరింగుకైతే ఘనం చేస్తే, పది లక్షల లెక్కన తిరుగుళ్లు వస్తాయి. సామర్థ్యం బరువుకు పది రెట్లుంటే వంద కోట్ల తిరుగుళ్లు, 1500 వేగంతో 11 వేల గంటలకు కొంచెం పైన. వందలో తొంభై బేరింగులు అంతవరకు నిలుస్తాయని అర్థం. గొప్ప సూత్రం. దాని మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ అందులో మార్టెన్‌సైట్ లేదు. మొదటి రోజు ఉక్కే చివరి రోజూ ఉంటుందని అది అనుకుంటుంది.

ఆ సూత్రం కట్టినప్పటి ఉక్కుకూ నేటి ఉక్కుకూ కూడా పోలిక లేదు. 1960ల నుంచి కరిగిన ఉక్కును శూన్యంలో ఉంచి వాయువులు తీసేసే పద్ధతి వ్యాపించింది. అంతకుముందు టన్నుకు పదుల గ్రాములున్న ఆక్సిజన్, నేటి మంచి బేరింగు ఉక్కులో 5 గ్రాముల దగ్గరకు దిగింది. విమాన ఇంజిన్లకు వాడే ఎం50 ఉక్కునైతే శూన్యంలోనే రెండుసార్లు కరిగిస్తారు. అల్యూమినా తగ్గింది, సీతాకోకచిలుకలు తగ్గాయి, బేరింగులు పాత సూత్రం చెప్పినదానికి ఎన్నో రెట్లు నడవడం మొదలుపెట్టాయి. 1985లో అయొనిడీస్, హారిస్ ఇద్దరూ ఒక పరిమితి కింద బరువుంటే ఉక్కు అలసిపోదన్న భావనను లెక్కలోకి తెచ్చారు. తర్వాత బేరింగు ఆయుష్షు లెక్కకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 281లో ఆ దిశగా సవరణ గుణకాలు వచ్చాయి. మలినాల వల్ల త్వరగా పోయే బేరింగులు తగ్గేకొద్దీ, ఎక్కువ కాలం నడిచి నిర్మాణమే మారిపోయే బేరింగులను మనం ఎక్కువగా చూస్తాం. అందుకే ఈ విషయం ఇప్పుడు ముఖ్యమైంది.

కర్మాగారంలో పాడయ్యే బేరింగుల్లో ఎక్కువ భాగం ఇంత లోతైన కారణాల దాకా రావు. దుమ్ము, నీరు, చాలని గ్రీజు, సుత్తితో కొట్టి బిగించడం వాటిని ముందే చంపేస్తాయి. అవి ఉపరితలం నుంచి మొదలయ్యే చావులు. పెచ్చు ఊడిన రేసు చేతికి వస్తే మొదట ఈ తేడా పట్టుకోండి. పెచ్చు అడుగు నిటారు గోడలతో లోతుగా ఉంటే లోపలి నుంచి మొదలై ఉండవచ్చు. చుట్టూ నొక్కుల గుంటలుంటే పైనుంచి వచ్చినదని అనుమానించాలి.

కోసి చూడదలచుకుంటే గ్యాస్ కటింగ్ వద్దే వద్దు. ఆ వేడికి మీరు వెతికే నిర్మాణమే పోతుంది. నీళ్లు పారిస్తూ సన్నటి చక్రంతో నెమ్మదిగా కోయాలి. కోత దొర్లే దిక్కు వెంటే ఉండాలి, అడ్డంగా కోస్తే పట్టీల వాలు కనబడదు. వలయం మీద తిరిగే దిక్కుకు బాణం గుర్తు ముందే వేసుకోండి. రెండు శాతం నైటాల్ చాలు. ఉపరితలం నుంచి లోపలికి వరుసగా మైక్రో హార్డ్‌నెస్ కొలిచి గ్రాఫు గీయండి. మధ్యలో పల్లం కనబడితే ఆ లోతులో మార్టెన్‌సైట్ క్షయమైందని అనుకోవచ్చు. ఎక్స్‌రే సౌకర్యం ఉంటే ఎక్స్‌రే గ్రాఫులో కనబడే మార్టెన్‌సైట్ గీత వెడల్పు, మిగిలిన ఆస్టెనైట్ శాతం, నిలిచిన ఒత్తిడి, ఈ మూడూ లోతు వెంట కొలవాలి. క్షయం పెరిగేకొద్దీ ఆ గీత సన్నబడుతుంది.

ఇందాక విరామంలో ఒక మిత్రుడు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతాను. పెచ్చు ఊడలేదు, రేసు మెరుస్తోంది, ఆ బేరింగును మళ్లీ బిగించవచ్చా అని అడిగారు. రేసు మెరుపు లోపలి సంగతి చెప్పదు. అది ఎంత బరువు మీద, ఎంత వేడిలో, ఎన్ని తిరుగుళ్లు తిరిగిందో మీ దగ్గర రాసి ఉంటే సమాధానం ఉంది. తేలిక బరువు మీద, చల్లగా, శుభ్రమైన నూనెలో నడిచినదైతే లోపల పెద్ద మార్పు ఉండకపోవచ్చు. గట్టి బరువు మీద ఎల్10 దగ్గరకు వచ్చినదైతే, మెరుపు నమ్మి ముఖ్యమైన యంత్రానికి వేయకండి. పెద్ద బేరింగులను కొందరు రేసు గ్రైండింగ్ చేసి తిరిగి వాడతారు. వారిని అడగవలసింది ఎంత మందం తీశారని. తీసిన మందం, అలసిన పొర ఉన్న లోతు, కొత్తగా ఒత్తిడి గరిష్ఠమయ్యే లోతు, ఈ మూడింటినీ ఒకే కాగితం మీద గీసి చూపించగలిగితే ఆ పని నమ్మదగినది.